పసుపు డ్రమ్ములో సీసాలు

గాజు సీసాకు మసక పట్టించడానికి ఎంతకాలం పడుతుందని ఎవరైనా అడిగితే, అది చేసేవాళ్ల నోటిని బట్టి ఉంటుందని చెబుతాను. ఎదుటివాళ్లు చెప్పింది వినే మనిషికి రెండు రోజులు చాలు. నాకు నెల పట్టింది. ఆ నెల మా అవ్వ కళ్ల కోసం పోయింది కాబట్టి పోయిందన్న బాధ లేదు.

మావైపు అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ మోర్తాడ్ దగ్గరి ఊళ్లో తమ్ముడి ఇంట్లో ఉంటుంది. కంట్లో పువ్వు, అంటే శుక్లం, ముదిరిందని తెలిసి నేనే నిజామాబాద్ తీసుకొచ్చాను. డాక్టరు ముందు షుగర్ తగ్గించుకుని రమ్మన్నాడు. అది తగ్గడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో అవ్వ మా వరండాను పచ్చీసు అడ్డా చేసింది. ఊరి నుంచి తెచ్చుకున్న సంచిలో చీరలు మూడు, పచ్చీసు బట్ట ఒకటి, మూట కట్టిన గవ్వలు ఆరు, రంగురంగుల కాయలు. బట్ట మీద కూడిక గుర్తులా నాలుగు చేతులు, గడులు గడులుగా కుట్టి ఉంటాయి. గవ్వలు వేసి, ఎన్ని నోరు తెరిచి పడితే దాన్ని బట్టి కాయ జరపాలి. ఎదుటివాళ్ల కాయ దొరికితే చంపాలి. చంపడంలో మా అవ్వకు జాలి లేదు.

ఆమెకు జోడీ పక్కింటి అక్క. ఆవిడది బోధన్ దగ్గర క్యాంపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద భూములు కొని, చెరుకు వేసిన కుటుంబం. పుట్టింది, పెరిగింది, పెళ్లి చేసుకుంది అంతా ఈ జిల్లాలోనే, మాట మాత్రం ఇంకా తాతల ఊరిదే. నాకూ ఆవిడకూ ఉప్పు దగ్గర నుంచి ఓటు దాకా ఏ విషయంలోనూ పడదు. అందుకే రోజూ కలుస్తాం.

ఆపరేషన్ బాగా జరిగింది. పగలు అవ్వకు అన్నీ కనిపించాయి. క్యాలెండర్‌లో తిథులు చదివింది. నా తలలో తెల్ల వెంట్రుకలు చూసి, "గింత ముసలిదానివెప్పుడైనవే?" అని అడిగింది. పొద్దు గూకితేనే కష్టం. ఏ దీపం చూసినా దాని చుట్టూ ముళ్లు మొలిచినట్టు కనిపించేది. ట్యూబులైటు వేస్తే కళ్లల్లో కారం కొట్టినట్టు మూసుకునేది. మళ్లీ తీసుకుపోతే డాక్టరు టార్చి వేసి చూసి, కన్ను బాగానే ఉందని, కొందరికి కొన్నాళ్లు ఇలా ఉంటుందని, సాయంత్రాలు మెత్తటి వెలుతురులో ఉంచమని చెప్పాడు. మెత్తటి వెలుతురు ఏ దుకాణంలో దొరుకుతుందో చెప్పలేదు.

అయినా పచ్చీసు మానలేదు. ఒక సాయంత్రం అవ్వ గవ్వలు వేసి, కళ్లు చికిలించి చూసి, పక్కింటి అక్కను అడిగింది.

"ఎన్ని పడ్డయి బిడ్డా?"

"నాలుగు పడ్డాయండీ పిన్నిగారూ. మీ కాయ పండిపోయింది!"

పడింది మూడు. నేను చూశాను, ఊరుకున్నాను. అదే కొంప ముంచింది. పుట్టిన దగ్గర నుంచి ఊరుకోని బిడ్డ ఊరుకుందంటే తల్లికి అనుమానం రాదా? అవ్వ వంగి గవ్వలను ఒక్కొక్కటిగా వేళ్లతో తడిమింది.

"మూడే" అంది. "ఏందే, కూడు పెట్టినట్టు గెలుపు పెడుతున్నరా నాకు?"

"అది కాదండీ పిన్నిగారూ, నేనే సరిగ్గా చూసుకోలేదు..."

"నీకేమైంది బిడ్డా, నువ్వు గూడ ఆపరేషన్ చేయించుకున్నవా?"

గవ్వలు మూట కట్టింది, బట్ట మడిచింది, రెండూ సంచి అడుగున పెట్టింది. మర్నాటి నుంచి పొద్దు గూకగానే గోడ దిక్కు తిరిగి పడుకునేది. "ఉగాదికి తమ్ముడు వస్తడు గదా, నన్ను తోలుకపొమ్మను. ఈడ ఏం పని నాకు?" అనేది. ఊరికి పోతే పోనీ, అది ఆమె ఇల్లే. కానీ అక్కడా ఒక గోడ ఉంటుంది కదా. దాని దిక్కు తిరిగి పడుకోవడం అలవాటైపోతే మనిషిని మళ్లీ ఇటు తిప్పడం కష్టం.

నల్ల కళ్లద్దాలు పెడితే, "నేనేం సర్కస్ల ఆడేదాన్నా?" అని తీసేసింది. జీరో బల్బు పెడితే గవ్వలు కనపడలేదు. అలా వారం గడిచాక ఒకనాడు సంజెవేళ కరెంటు పోయింది. నేను స్నానాల గదిలో కొవ్వొత్తి వెలిగించుకుని కాళ్లు కడుక్కుని వచ్చేసరికి అవ్వ ఆ తలుపు ముందు నిలబడి ఉంది. మా స్నానాల గది తలుపుకు పైన మసక అద్దం ఉంది. నేను లోపలే వదిలేసిన కొవ్వొత్తి వెలుగు దాని నిండా పరుచుకుంది.

"జరుగవ్వా, నీకేమన్న కావాల్నా?"

"ఉండవే. గీ దీపానికి ముండ్లు లేవు." ఇంకాసేపు చూసింది. కళ్లు చికిలించలేదు. "పాలల్ల దీపం పెట్టినట్టున్నది. గిసుంటియి నాలుగు చెయ్యి. బట్టకు నాలుగు మూలలల్ల పెడుదాం."

"తలుపులు నాలుగు చెయ్యాల్నా?"

"బీఎస్సీ సదివినవు గదనే. సీసాలు చెయ్యి."

దాంతో పని మొదలైంది. సీసాలకు కొదవ లేదు. కాఫీ పొడివి, జామువి, పచ్చడివి ఇరవై దాకా మెట్ల కింద పడి ఉన్నాయి. మైనం కరిగించి సీసాలో పావువంతు పోసి వత్తి నిలబెడితే, మంట సీసా గోడల మధ్యనే ఉంటుంది. ఇక కావాల్సింది ఆ గోడలకు మసక.

గాజు మీద పూసి కడిగేస్తే మసక పట్టే క్రీము ఒకటి ఉందని పక్కింటి అక్క ఫోన్లో వీడియో చూపించింది. గాజును తినే మందు చేతిని తినదా అని నేను అడిగాను. చేతికి తొడుగులు వేసుకోవాలంది. నేను చదివింది కెమిస్ట్రీ. అలాంటి ఆమ్లాలు చర్మం దాటి ఎముక దాకా పోతాయని తెలుసు. మా ఇంట్లోకి రానివ్వనన్నాను. అక్క అలిగి, మర్నాడు తన సొంత ఖర్చుతో రంగు స్ప్రే డబ్బా ఒకటి తెచ్చింది. కొట్టగానే సీసా తెల్లగా, ముద్దుగా అయింది. నేనూ మెచ్చుకున్నాను. సాయంత్రం కొవ్వొత్తి వెలిగిస్తే పది నిమిషాల్లో మూతి దగ్గర రంగు గోధుమ వన్నెకు తిరిగి, వాసన కొట్టింది.

"కొత్త కదండీ, వాసన పోద్ది" అంది అక్క.

"పోయేది వాసన కాదక్కా, రంగు. సూడు, పొక్కులొస్తున్నయి."

తర్వాత నేను రంగులేసేవాళ్లు వాడే వాటర్ పేపర్ తెచ్చి, తడిపి, చేత్తో రుద్దాను. ఒక్క సీసాకు రెండు మధ్యాహ్నాలు పోయాయి. వేలి కొనల మీద చర్మం పోయింది. సీసాకు మసక పట్టలేదు, గీతలు పడ్డాయి. అవ్వ దాన్ని చేతిలో తిప్పి చూసి, "పిల్లి బరికిందా?" అని మాత్రం అడిగింది.

ఆ చర్మం పోయిన వేళ్లను చూసుకుంటూ ఉండగా నాకు పసుపు డ్రమ్ము గుర్తొచ్చింది.

మావైపు పసుపు పండించే ప్రతి ఇంటికీ ఆ డ్రమ్ము తెలుసు. పసుపు కొమ్ములను ఉడకబెట్టి, ఎండబెట్టాక పైన పొలుసు మిగులుతుంది. చిల్లులు పొడిచిన ఇనుప డ్రమ్ముకు ఇరుసు గుచ్చి, రెండు కర్రల మీద నిలబెట్టి, కొమ్ములు లోపల పోసి పిడితో తిప్పుతారు. కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని, పొలుసు చిల్లుల్లోంచి రాలిపోయి, నున్నగా బయటికి వస్తాయి. ఇప్పుడు చాలామందికి మోటార్లు వచ్చాయి. మా తమ్ముడు మాత్రం చేతి డ్రమ్ము అమ్మలేదు.

నా ఆలోచన చెబితే పక్కింటి అక్క తల పట్టుకుంది.

"నున్నగా చేసేదాంట్లో వేస్తే గరుగ్గా ఎలా అవుతాయండీ?"

"ఇసుక పోస్తే అయితయి."

"పగిలిపోతాయండీ."

"ఊక పోస్తే పగలవు."

"మీతో మాట్లాడ్డం కన్నా చెరుకు గానుగలో తలపెట్టడం నయం" అంది. కానీ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "ఇసుకంటే ఏదో ఒక ఇసుక పనికిరాదు. మా క్యాంపులో మంజీర ఏటి ఇసుక ఉంది. ఇల్లు కట్టగా మిగిలింది. ఆదివారం వెళ్దాం రండి."

ఆదివారం బస్సులో బోధన్, అక్కడి నుంచి ఆటోలో క్యాంపు. ఒకప్పుడు ఆ దారంతా రెండు పక్కలా చెరుకే ఉండేదని, బండ్ల వెనక పరిగెత్తి గడలు లాక్కునేవాళ్లమని అక్క చెబుతూ వచ్చింది. ఇప్పుడు వరి. వాళ్ల అన్న మాత్రం ఒక మడి చెరుకు ఉంచుకున్నాడు, ఇంటి బెల్లానికి. నేనూ అక్కా వరండాలో కూర్చుని పిండి జల్లెడతో ఇసుక జల్లిస్తుంటే వాళ్ల వదిన చాలాసేపు చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

"నిజామాబాద్‌లో ఇసుక కూడా తింటున్నారా అమ్మా?"

"సీసాలు తోమడానికి వదినా."

"సీసాలు తోమడానికి బస్సెక్కి వచ్చారా?" అని లోపలికి వెళ్లి, మేం మతి పోయి వచ్చామనే నిర్ణయంతో కాబోలు, ఇద్దరికీ చెరుకు ముక్కలు, సంచిలో రెండు బెల్లం అచ్చులు పెట్టింది. ఆ మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. చేతుల నిండా ఇసుక, నోటి నిండా తీపి. గంటసేపు మేమిద్దరం దేని మీదా వాదించుకోలేదు.

మర్నాడు పన్నెండు సీసాలు గోనెసంచిలో సర్దుకుని, ఇసుక మూటతో నేనొక్కదాన్నే మోర్తాడ్ బస్సెక్కాను. తమ్ముడు పసుపు పాలిష్ ముగించి, బస్తాలు కుట్టి తీరిగ్గా ఉన్నాడు. విన్నాడు. నవ్వలేదు. నవ్వుకన్నా ఎక్కువే చేశాడు.

"అక్కా, గీ తెలివి ఏ పుస్తకంల ఉన్నదే? గా పుస్తకం నాకియ్యి, పొయ్యిల పెడ్త."

"అవ్వ కోసమురా."

ఆ మాటకు లేచాడు. డ్రమ్ముకు చిల్లులు ఉన్నాయి కాబట్టి ఇసుక కారిపోకుండా లోపల తాడిపత్రి పట్టా పరవాలి. పసుపు ఆరబోసిన తాడిపత్రే ఒకటి చేతికి దొరికింది.

"గిది పసుపుది. కడిగి తెస్త, ఆగు" అన్నాడు.

"ఇసుకతోని తోమేదానికి కడుగుడెందుకురా? దులుపు, చాలు" అన్నాను నేను. ఈ ముక్క రాసుకోండి. మళ్లీ అవసరం పడుతుంది.

సీసాల లోపల ఊక దట్టించి, మూతలు బిగించాం. డ్రమ్ములో ఒక వరస ఊక, ఒక వరస ఇసుక, సీసాలు, మళ్లీ ఊక. తమ్ముడు పిడి పట్టి పసుపు తిప్పినట్టే జోరుగా తిప్పాడు. లోపల నాలుగైదు ఒకేసారి టపటపా పగిలాయి.

"మెల్లగరా!"

"మెల్లగ తిప్పితే ఎండాకాలమంత ఈడనే ఉంటవు."

"ఉంటతియ్యి. నువ్వే కదా అన్నం పెట్టాలె."

మెల్లగా తిప్పాడు. చేయి నొచ్చినప్పుడు నేను తిప్పాను. లోపల నుంచి కడవలో నెమ్మదిగా వాన కురుస్తున్నట్టు చప్పుడు వచ్చింది. ఎండ వేపచెట్టు అవతలికి జరిగేదాకా తిప్పి, మూత తీసి, గాజు పెంకులు గుచ్చుకోకుండా చేటతో ఊక తోడి చూస్తే, పన్నెండింటికి ఐదు నిలబడ్డాయి. మసక మాత్రం చెప్పినట్టే పట్టింది. గీత లేదు, మచ్చ లేదు. అంతటా ఒకేలా, చలికాలం పొద్దున అద్దానికి ఆవిరి పట్టినట్టు. గెలిచానని నేను ఎగరబోతుంటే తమ్ముడు ఒక సీసా వెలుతురులో పైకెత్తాడు.

ఐదూ పచ్చగా ఉన్నాయి. గాజుకు పడ్డ సన్నటి గరుకులో తాడిపత్రి మీది పసుపంతా దిగింది.

"నలుగు పెట్టిన పెండ్లిపిల్లల లెక్కున్నయి గదనే అక్కా" అన్నాడు. అప్పుడు నవ్వాడు. చాలాసేపు నవ్వాడు.

ఇంటికి తెచ్చి అవ్వకు చూపించే ముందే కడిగేద్దామని బట్టల సబ్బు తీసుకుని పెరట్లో కూర్చున్నాను. సబ్బు నురగ తగలగానే పచ్చటి సీసాలు ఎర్రగా తిరిగాయి. ఎంత రుద్దితే అంత ఎరుపు. ఐదు కుంకుమభరిణెల్లా నా ముందు కూర్చున్నాయి. పక్కింటి అక్క ప్రహరీగోడ మీద నుంచి చూసింది.

"పసుపుకి సున్నం తగిలితే పారాణి అవుద్దని మా ఇంట్లో చంటిపిల్లకి కూడా తెలుసండీ. సబ్బూ అంతే కదా. మీరు డిగ్రీలో ఏం చదివారో?"

క్షారం తగిలితే పసుపు ఎరుపుకు తిరుగుతుందని మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో నేనే చేసి, రికార్డులో బొమ్మ వేసి, సంతకం తీసుకున్నాను.

చింతపండు పులుసుతో తోమితే ఎరుపు పోయి మళ్లీ పసుపు వచ్చింది. అంటే బయలుదేరిన చోటికే చేరాను. ఉగాది వారంలోకి వచ్చింది. అక్క గోడ దిగి వచ్చి, నా చేతిలోంచి సీసా లాక్కుంది.

"ఎండలో పెట్టండి. చీర మీద పసుపు మరక ఎండకే పోద్ది. రుద్దితే పోదు."

"చీర వేరు, గాజు వేరు. నెల పడుతది."

"నాలుగు రోజులు. పందెం."

"ఏం పందెం?"

"గెలిస్తే ఐదో సీసా నాది. ఓడితే మీరు ఏమన్నా నెలరోజులు నోరెత్తను."

ఆ పందెం ఎవరు కాదంటారు? సీసాలు డాబా మీదికి ఎక్కాయి. వాటితో పాటు అవ్వ కూడా ఎక్కింది. సాయంత్రం గోడ దిక్కు తిరిగే మనిషి పగలంతా డాబా మీద కూర్చుని, అప్పడాలు తిప్పినట్టు సీసాలను ఎండ దిక్కు తిప్పింది. ఎండ చురుక్కుమంటోందని, వద్దన్న నల్ల కళ్లద్దాలు తానే అడిగి పెట్టుకుంది. సర్కస్ అన్న మాట నేను ఎత్తలేదు. నాకూ అప్పుడప్పుడు బుద్ధి ఉంటుంది. ఆ కళ్లద్దాలతో, కొంగు తల మీద కప్పుకుని, "గీ దీనికి మెడకాడ ఇంక పచ్చగున్నది, గిటు తిప్పు" అని నాకు పని చెబుతుంటే, కింద వంట మాడినా పోనీ అనిపించింది. మాడింది కూడా. మా ఆయన ఆ మాడిందే తిన్నాడు.

మూడో రోజు సాయంత్రానికే పసుపు మొత్తం ఎగిరిపోయింది. అక్క వచ్చి, ఐదింటిలో మంచిది ఏరుకుని, కొంగులో పెట్టుకుని వెళ్లింది. నాలుగు రోజులన్నది కాబట్టి ఒకరోజు లెక్క తప్పిందని వాదించాను. వినలేదు.

మర్నాడు పొద్దు గూకుతుండగా నాలుగు సీసాల్లో మైనం పోసి ఆరబెట్టిన కొవ్వొత్తులు వెలిగించి, వరండాలో లైటు తీసేశాను. పచ్చీసు బట్ట నేనే అవ్వ సంచి అడుగు నుంచి తీసి పరిచాను. బట్టకున్న నాలుగు చేతుల మధ్య నాలుగు మూలల్లో సీసాలు పెట్టాను. వెలుగు గాజు గోడల్లో నిలిచి, కిందికి బట్ట మీద, గవ్వల మీద పరుచుకుంది. మంట ఎక్కడుందో కూడా తెలియలేదు. పక్కింటి అక్క వచ్చి కూర్చుంది. అవ్వ గదిలోంచి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక, నిలబడే ఒక్కో సీసాను చూసింది.

"ముండ్లున్నయా అవ్వా?"

అవ్వ కూర్చుంది. చేయి చాపింది.

"గవ్వలియ్యి."

వేసింది. అక్క అలవాటు కొద్దీ నోరు తెరవబోయింది.

"నువ్వు సప్పుడు జెయ్యకు బిడ్డా" అంది అవ్వ. బట్ట మీదికి వంగి చూసింది. "రెండు" అంది. రెండే.

ఆట సాగింది. అక్క ఒక కాయ పండించుకుంది. నా ఎర్ర కాయ ఒకటి అవ్వ కాయకు సరిగ్గా మూడు గడుల ముందు చిక్కింది. మూడు పడితే చచ్చేదే. అవ్వ మంచినీళ్ల చెంబు ఎత్తి తాగుతోంది. నేను ఆ కాయను వేలితో ఒక గడి ముందుకు తోశాను. అవ్వ చూపును పరీక్షించడానికే అని రాస్తే బాగుంటుంది. కానీ నిజం చెప్పాలంటే, నా కాయ చావడం నాకు ఇష్టం లేదు.

అవ్వ చెంబు దించింది.

"ఎనుకకు పెట్టు."

"ఏంది?"

"నీ ఎర్రకాయ. గడి దాటిచ్చినవు."

"నేనెందుకు దాటిస్తనవ్వా? గది ఆడనే ఉండె."

"నా కండ్లు నాకొచ్చినయి. నీకు బుద్ధి ఎప్పుడొస్తదో సూడాలె. పెట్టు ఎనుకకు."

పక్కింటి అక్క నవ్వుతూ గోడకు ఆనుకుంది. నేను కాయ వెనక్కి పెట్టాను. అవ్వ గవ్వలు గలగలలాడించి వేసి, మూడు చూసి, నా కాయను చంపి బట్ట బయట పెట్టింది. జాలి ఎప్పట్లాగే లేదు.

ఉగాది పొద్దున తమ్ముడు వచ్చాడు. పచ్చడి తిని, అవ్వ సంచి ఎక్కడుందని అడిగాడు. సంచి ఖాళీగా కొక్కేనికి వేలాడుతోంది.

"ఏందవ్వా, తోలుకపొమ్మంటివి గద?"

"పోదాం తియ్యి. ముగ్గురితోని ఆట కుదుర్తలేదు. నాలుగో చెయ్యి లేక మూడురోజులాయె" అంది అవ్వ, కొవ్వొత్తుల్లో మసిపట్టిన వత్తులు గిల్లుతూ. "పొద్దు గూకినంక కూసో."